సమ్మరీ కోర్ట్ మార్షల్‌లో ఉద్యోగం పోతే గుంటూరు, బెజవాడ కుటుంబాలు ముందు చేయాల్సింది

సెలవు మీద ఊరొచ్చి, గడువు దాటినా తిరిగి వెళ్లని జవానును ఎక్కువగా సమ్మరీ కోర్ట్ మార్షల్ ముందు, అంటే సైన్యం లోపలే క్లుప్తంగా జరిగే విచారణ ముందు నిలబెడతారు. ఆర్మీ యాక్ట్ 1950 సెక్షన్ 116 ప్రకారం ఇందులో కోర్టంటే యూనిట్ అధిపతి అయిన కమాండింగ్ ఆఫీసర్ (సీవో) ఒక్కరే. పక్కన కూర్చునే ఇద్దరికి తీర్పులో పాత్ర లేదు. సీవో లెఫ్టినెంట్ కల్నల్ లేదా ఆపై హోదా అయితే ఏడాది దాకా, కిందివారైతే 3 నెలల దాకా జైలు వేయొచ్చు. డిస్మిస్ కూడా చేయొచ్చు. మిగతా కోర్ట్ మార్షల్ తీర్పులను పై అధికారి ఖాయం చేయాలి, దీనికి ఆ అవసరం లేదు. అందుకే అసలు పోరాటమంతా తర్వాత, కాగితాల మీదే.

మొదట ప్రొసీడింగ్స్, అంటే విచారణ రికార్డు కాపీ తెప్పించుకోండి. ఆర్మీ రూల్ 147 ప్రకారం అడిగి తీసుకునే హక్కు శిక్ష పడినవాడిది, కాబట్టి దరఖాస్తు మీద సంతకం నాన్నదో భార్యదో కాదు, అతనిదే ఉండాలి. ఆర్మీ నంబరు, హోదా, యూనిట్, విచారణ తేదీ రాసి ఛార్జ్‌షీట్, సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ (విచారణకు ముందు రాసుకున్న సాక్ష్యాలు), పూర్తి ప్రొసీడింగ్స్ అడగండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఫోన్లో అడిగినదానికి రేపు రుజువుండదు.

కాపీ రాగానే తీర్పు పేజీకి పోకండి, ‘గిల్టీ’ అని రాసుకున్న పేజీ తియ్యండి. రూల్ 115 ప్రకారం నేరం ఒప్పుకుంటే ఏమవుతుందో నిందితుడికి వివరించాలి, వివరించినట్టు రికార్డు చేయాలి. అక్కడ అచ్చు వాక్యం ఒక్కటే ఉండి కింద నిందితుడి సంతకం లేకపోతే లాయరుకు ముందు చూపించాల్సిన పేజీ అదే. తర్వాత ఛార్జ్‌షీట్ అందిన తేదీ, గంట చూడండి. యాక్టివ్ సర్వీసులో (యుద్ధం లాంటి విధుల్లో) కాకపోతే విచారణకు 96 గంటల ముందే అందాలి.

సెలవు దాటడంపై సెక్షన్ 39 ‘తగిన కారణం లేకుండా’ అంటుంది. ఆ కారణం కాగితం మీద కనబడాలి. అమ్మను గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రిలో) చేర్చి ఉంటే ఆ కేస్ షీట్ సెలవు ముగిసిన రోజు నుంచి తిరిగి హాజరైన రోజు దాకా ఎన్ని రోజులకు సరిపోతుందో లెక్కేయండి. ఊళ్లో ఆర్‌ఎంపీ వెనక తేదీ వేసి ఇచ్చిన సర్టిఫికెట్ పెట్టారో, ఉన్న నిజం కూడా అనుమానంలో పడుతుంది.

తీర్పు, శిక్షల మీద పిటిషన్ ఆర్మీ యాక్ట్ సెక్షన్ 164(2) కింద కేంద్ర ప్రభుత్వానికో ఆర్మీ చీఫ్‌కో పెట్టాలి. జవాబు వస్తే ఆ తేదీ నుంచి 6 నెలల్లోపు సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. 6 నెలలు గడిచినా ఉలుకూపలుకూ లేకపోతే జవాబు కోసం కాచుకోనక్కర్లేదు. ఆలస్యమైతే క్షమించమని విడిగా దరఖాస్తు పెట్టాలి. శిక్ష డిస్మిస్ గానీ, 3 నెలలకు మించిన జైలు గానీ అయితేనే ఈ ట్రిబ్యునల్ దారి తెరుచుకుంటుంది.

మన రాష్ట్రానికి ట్రిబ్యునల్ బెంచ్ చెన్నైలో ఉంది. సర్వీసులో లేనివాడు తను ఉండే చోటును బట్టి అక్కడ కేసు వేసుకోవచ్చు, పాత యూనిట్ ఉన్న జమ్మూకో గువాహటికో పరిగెత్తనక్కర్లేదు. నేలపాడు హైకోర్టు కూతవేటు దూరమే గదా అని నేరుగా అక్కడికి పోతే, ముందు ట్రిబ్యునల్‌కు వెళ్లమని తిప్పి పంపే అవకాశమే ఎక్కువ. ఈలోగా నెలలు కరుగుతాయి. పొద్దున్నే చెన్నై వెళ్లే పినాకిని రైలు ఎక్కేటప్పుడు జిరాక్సులతో పాటు ఒరిజినల్ పోస్టు రసీదులు సంచిలో ఉన్నాయో లేదో చూసుకోండి.