మెనోపాజ్ తర్వాత మూత్రం మంట, పొడిబారడం: నాకు పనిచేసింది ఇది

నెలసరి ఆగాక మొదలైంది. మూత్రానికి వెళ్తే మంట, వెళ్లొచ్చిన కాసేపటికే మళ్లీ తొందర, యోని పొడిబారి నడిస్తే ఒరుసుకుపోవడం. గాజువాకలో మద్దిలపాలెం బస్సెక్కాలంటేనే టెన్షన్.

బార్లీ నీళ్లు, సబ్జా, మెడికల్ షాపులో అడిగి కొన్న యాంటీబయాటిక్, సువాసన వాష్... ఏదీ పనిచేయలేదు.

దారి చూపింది యూరిన్ కల్చర్ (మూత్రంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష). ఇన్ఫెక్షన్ లేదని వచ్చింది. గైనకాలజిస్టు పరీక్ష చేసి, ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గి యోని, మూత్రనాళం పొరలు పలచబడ్డాయన్నారు. ముందు వాష్, సబ్బు మాన్పించారు, మామూలు నీళ్లే చాలన్నారు. తర్వాత ఈస్ట్రియాల్ (ఈస్ట్రోజెన్ రకం హార్మోన్) క్రీమ్ రాశారు. పడుకునే ముందు చేతులు కడుక్కుని, అప్లికేటర్‌లో గీత వరకు, అంటే అర గ్రాము నింపి, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి యోని లోపలికి నొక్కాలి. 2 వారాలు రోజూ, ఆపైన వారానికి 2 రాత్రులు. అప్లికేటర్‌ని గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆరబెట్టాలి (అసలు విసుగు ఇక్కడే). మొదట్లో కాస్త చురుక్కుమంది. పొడి ముందు తగ్గింది, మూత్రం తొందర చాలా నెమ్మదిగా. కలయికకు మాత్రం నీటి ఆధారిత లూబ్రికెంట్ ఇంకా వాడుతున్నా. క్రీమ్ ఆపేస్తే ఇవన్నీ మళ్లీ రావచ్చట.

అందరికీ ఇదే పడుతుందని అనను. "నేనూ తెచ్చుకోనా?" అంది మా వదిన. ఆవిడకి రొమ్ము క్యాన్సర్ తగ్గింది. "ముందు మీ క్యాన్సర్ డాక్టర్ని అడుగు వదినా" అన్నా. నెలసరి ఆగాక రక్తం కనిపించినా, మూత్రంలో రక్తం, జ్వరం ఉన్నా ముందు వాటికి పరీక్షలు చేయించుకోండి.