ఎర్ర ఇసుక రంధ్రాల్లో ఫాస్ఫేట్: విసరణ, అధిశోషణ లెక్క కట్టే పద్ధతి

విశాఖ, భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బల ఇసుక రేణువులకు ఐరన్ ఆక్సైడ్ పూత ఉంటుంది. ఫాస్ఫేట్ దానికి అతుక్కుంటుంది, దీన్నే అధిశోషణ అంటారు. ఇలాంటి ఇసుకలో రంధ్రాలను స్తూపాలనుకుంటే మూలల్లోని ఉపరితలమంతా లెక్కలోంచి జారిపోతుంది. అందుకే మైక్రో సీటీ (ఎక్స్‌రే 3డీ స్కాన్) బొమ్మ మీదే కంప్యూటర్‌లో ఊహా కణాలను, విసరణలోలా ఎటుపడితే అటు నడిపించాలి. నమూనా కోసం దిబ్బలు తవ్వకండి, అది భౌగోళిక వారసత్వ స్థలం. మామూలు ఇసుకకు పూత వేసుకుంటే చాలు.

5 మైక్రాన్ల పొడవున్న ఘనాలతో (3డీ బొమ్మలోని చుక్కలు) 400×400×400 బొమ్మ తీసుకోండి. ఘనానికి ఒక బైటు చొప్పున 64 ఎంబీయే, ల్యాప్‌టాప్ సరిపోతుంది. రాయి, రంధ్రం విడదీశాక రంధ్రాల శాతాన్ని ఇసుక తూకంతో సరిచూడండి. దారిలేని రంధ్రాలను తీసేయండి.

ఫాస్ఫేట్ (H₂PO₄⁻) విసరణ గుణకం, అంటే నీటిలో ఎంత వేగంగా వ్యాపిస్తుందో చెప్పే సంఖ్య, 25 డిగ్రీల దగ్గర సుమారు 0.96×10⁻⁹ చ.మీ/సె. మన ఊళ్లో ఏసీ లేని ల్యాబ్‌లో 30 ఉంటే 1.09 వేసుకోండి. ఒక్కో అడుగుకు పట్టే కాలం: ఘనం పొడవు వర్గాన్ని ఆరు రెట్ల గుణకంతో భాగించాలి. 1.09 వేస్తే ఇక్కడ 3.8 మిల్లీసెకన్లు. ప్రతి అడుగుకూ ఆరు దిక్కుల్లో ఒకటి యాదృచ్ఛికంగా ఎంచండి. రాయి తగిలితే కణం అక్కడే ఆగాలి, కాలం మాత్రం నడవాలి. ఖాళీ దిక్కులే ఎంచితే ఫలితం తప్పుతుంది. అంచుల దగ్గర బొమ్మను అద్దంలోలా తిప్పి పేర్చండి.

ముందు అధిశోషణ లేకుండా పది వేల కణాలను లక్ష అడుగులు నడపండి. రంధ్రాలు 38 శాతమైతే గుణకం సుమారు 1.6 రెట్లు తగ్గాలి. మరీ తేడా వస్తే బొమ్మ విడదీతలోనే పొరపాటు.

అప్పుడే అధిశోషణ కలపండి. గోడను తాకినప్పుడు అతుక్కునే సంభావ్యత = అధిశోషణ వేగ స్థిరాంకం × ఘనం పొడవు ÷ విసరణ గుణకం. స్థిరాంకం 2×10⁻⁶ మీ/సె అనుకుంటే 0.009. ఇది 0.1 దాటితే ఘనం చిన్నది చేయాలి. పొడవు సగమైతే సంభావ్యతా సగం కావాలి, చాలామంది ఇక్కడే మరిచిపోతారు.

అసలు చిక్కు గోడ వైశాల్యంలో ఉంది. ఘనాల మెట్లు గుండ్రటి రేణువు వైశాల్యాన్ని 1.5 రెట్లు చూపిస్తాయి. ఘనాలను ఎంత చిన్నవి చేసినా ఆ 1.5 తగ్గదు! త్రిభుజాల జాలంతో నిజ వైశాల్యం కొలిచి, ఆ నిష్పత్తితో సంభావ్యతను తగ్గించండి. గుండ్రటి రేణువులకైతే మూడింట రెండు వంతులు.

అతుక్కున్న కణం వదిలే సంభావ్యత, విడుదల స్థిరాంకాన్ని అడుగు కాలంతో గుణిస్తే వస్తుంది. చోటు నిండుతుంటే, అతుక్కునే సంభావ్యతను మిగిలిన ఖాళీ భాగంతో గుణించండి.

పూతలోని నానోమీటర్ల రంధ్రాలు స్కాన్‌లో కనబడవు. వాటి వాటా ప్రయోగంలో దొరికిన స్థిరాంకంలోనే ఉంటుంది కాబట్టి, గ్రాముకు కొలిచిన విలువను చదరపు మీటరు లెక్కలోకి మార్చేటప్పుడు ఈ బొమ్మలో త్రిభుజాలతో కొలిచిన వైశాల్యంతోనే భాగించండి, వాయు అధిశోషణ పరీక్షలో వచ్చిన వైశాల్యంతో కాదు.