సర్ది తగ్గినా వాసన రావట్లేదా? రోజూ రెండు పూటలా ఈ సాధన చేయండి

సర్ది తగ్గి ముక్కు ఆడుతున్నా పచ్చిపులుసులో పోపు వాసన తెలియట్లేదంటే, దెబ్బ నాలుకకు కాదు. పులుపు, ఉప్పు దానికి తెలుస్తూనే ఉంటాయి. వాసన పట్టే పొర ముక్కు లోపల పైభాగాన, కళ్ల ఎత్తులో ఉంటుంది. మామూలు సర్దిలో అక్కడ వాపొచ్చి గాలి చేరదు, వాపు దిగితే వాసన తెలుస్తుంది. కొవిడ్ వైరస్ తీరు వేరు. అది ముఖ్యంగా వాసన నరాలకు ఆసరాగా ఉండే కణాలకు సోకుతుంది, ఆ ఆసరా పోయి నరాలు పనిచేయవు. పొర అడుగునున్న మూలకణాలు కొత్త ఆసరా కణాలను, నరకణాలను పుట్టిస్తాయి కాబట్టే చాలామందికి కొన్ని వారాల్లో వాసన తిరిగొస్తుంది. కొందరికి నెలలు పడుతుంది.

రెండు వారాలైనా రాకపోతే సాధన మొదలుపెట్టండి. జర్మనీలోని డ్రెస్డెన్‌లో వాసన మీద పరిశోధన చేసే థామస్ హుమ్మెల్ బృందం 2009లో ప్రచురించిన పద్ధతిది. నాలుగు చిన్న గాజు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో నాటు గులాబీ రేకులు, ఒకదాంట్లో అప్పుడే తురిమిన నిమ్మతొక్క, ఇంకోదాంట్లో కచ్చాపచ్చాగా దంచిన నాలుగైదు లవంగాలు, చివరిదాంట్లో దూదిమీద రెండు చుక్కల నీలగిరి తైలం. తైలం ముక్కుకు తగలొద్దు, పిల్లలకు అందొద్దు.

పొద్దున, రాత్రి ఒక్కో సీసాను ముక్కు దగ్గర పెట్టుకుని 10 నుంచి 20 సెకన్లు మెల్లగా పీల్చండి. కాసేపాగి ఇంకోటి. పీలుస్తున్నంతసేపూ ఆ వాసన ఒకప్పుడు ఎట్లుండేదో గుర్తుచేసుకోవాలి. టీవీ చూస్తూ చేస్తే లాభం తక్కువ. రేకులు, నిమ్మతొక్క రోజూ మార్చండి, లవంగాలు వారానికోసారి. కనీసం 12 వారాలు చేయాలి. రెండు మూడు వారాలకే ఏమీ తెలియట్లేదని మానేయొద్దు.

జండూబామ్, కర్పూరం పెట్టుకుని చూసి వాసన వచ్చేసిందనుకోవద్దు. ఆ ఘాటును పట్టేది ముఖానికి స్పర్శ తెలిపే వేరే నరం.

మధ్యలో కాఫీ, వేగిన ఉల్లిగడ్డ కుళ్లినట్టు కంపు కొట్టొచ్చు. కొత్త నరాల సంకేతాలు ఇంకా కుదురుకోలేదని దాని అర్థం. సాధన ఆపకండి. అన్నం, పెరుగు లాంటివి చల్లగా తింటే కంపు తగ్గుతుంది.

వాసన రానన్నాళ్లూ గ్యాస్ లీకైనా తెలియదు. రాత్రిళ్లు రెగ్యులేటర్ కట్టేయండి, పైపు అతుకుల దగ్గర సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూడండి. అనుమానముంటే గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయండి. మిగిలిన కూరల మీద వండిన తేదీ రాసిపెట్టండి.

నెల దాటినా మార్పు లేకపోయినా, తలకు దెబ్బ తగిలాక వాసన పోయినా, ఒక్క ముక్కురంధ్రమే మూసుకుపోతున్నా, రక్తం వస్తున్నా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. వరంగల్ చుట్టుపక్కలవాళ్లు ఎంజీఎం దవాఖానలో ఆ విభాగానికి వెళ్లొచ్చు.