గ్యాస్ అనుకుని సోడా తాగించకండి

దేవరకొండ వైపు మా ఊళ్లలో ఛాతీలో నొప్పి అనగానే ముందు గుర్తుకొచ్చేది సోడా, వాము, జీలకర్ర నీళ్లు. నొప్పి ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు ఉండి, ఎడమ చేతికో దవడకో పాకుతూ, చల్లని చెమటలు పడుతుంటే అది గ్యాస్ కాదు, గుండెపోటేమోనని అనుమానించండి. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు ఒక్కోసారి నొప్పే ఉండదు. ఆయాసం, వాంతి, నీరసం మాత్రమే కనిపిస్తాయి.

వెంటనే 108కి ఫోను చేయండి. నల్లగొండ పెద్దాసుపత్రి దూరమని మోటారు సైకిల్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని బయలుదేరడం మన దగ్గర మామూలే. దారిలో స్పృహ తప్పితే ఏం చేస్తారు? నడిపించకండి, మెట్లు ఎక్కించకండి. గోడకు ఆనించి, మోకాళ్లు మడిచి కూర్చోబెట్టి, చొక్కా గుండీలు వదులు చేయండి.

ఆస్పిరిన్ పడనివాళ్లు, రక్తస్రావం, కడుపులో పుండు ఉన్నవాళ్లు కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించండి. మింగితే ఆలస్యంగా పనిచేస్తుంది. పక్కింటివాళ్లు గుండెనొప్పికి వాడే, నాలుక కింద పెట్టుకునే మాత్ర మాత్రం వద్దు, రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చు.

పిలిచినా పలక్కుండా, శ్వాస ఆగిపోయినా, ఎగశ్వాసలా ఉన్నా గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము ఎముక కింది సగం మీద రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కండి. అలసిపోతే పక్కవారికి అప్పగించండి, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకండి. ఫోన్లలో తిరిగే ‘గట్టిగా దగ్గితే చాలు’ చిట్కాను నమ్మకండి.