మన కుక్కకి ఇంకో ఇల్లు చూడాల్సి వస్తే: మా మణి విషయంలో నేను చేసినవి

మా మణి నాటు కుక్క. ఐదేళ్లు, పంతొమ్మిది కిలోలు. బెంగళూరు రామమూర్తి నగర్‌లో మా వీధి చివర టీ అంగడి బెంచీ కింద పిల్లగా దొరికాడు. మా బాబుకి ఉబ్బసం ముదిరి, కుక్క వల్లే అని పరీక్షలో తేలాక కూడా నాలుగు నెలలు చూశాం. మణిని పడకగదిలోకి రానివ్వలేదు, రోజూ తడిగుడ్డ పెట్టాం, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికాం. అయినా రాత్రిళ్లు నెబ్యులైజర్ తప్పలేదు. అప్పుడే ఇచ్చేద్దామని నిర్ణయించుకున్నాం.

మీ ఇబ్బంది వేరే అయితే ఒక్కసారి ఆగండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు కుక్కలు వద్దంటున్నారా? పెంపుడు జంతువుల్ని నిషేధించే అధికారం వాళ్లకి లేదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాల్లో ఎప్పుడో చెప్పింది, ఆ కాగితం చూపించండి. ఊరు మారుతున్నారా? రైల్లో ఫస్ట్ ఏసీ కూపే, అంటే ఇద్దరు పట్టే గది, మొత్తం తీసుకుంటే కుక్కని వెంట తీసుకెళ్లొచ్చు.

ఇవ్వక తప్పదనుకుంటే కనీసం రెండు నెలలు చేతిలో పెట్టుకోండి. మాకు పదకొండు వారాలు పట్టింది. "హొసకోటె దాటాక హైవే మీద ఏదైనా దాబా హోటల్ దగ్గర వదిలేయండి, అదే బతుకుతుంది" అని మా పక్కింటాయన అన్నారు. బతకదండీ. అక్కడి కుక్కలు దాన్ని రానివ్వవు, లారీల రోడ్డు దానికి తెలియదు. పైగా కుక్కని అలా ఆకలికి వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. ఇక షెల్టర్లంటారా, 1991లో బెంగళూరులో మొదలైన క్యూపా లాంటి జంతు సంరక్షణ సంస్థలకి యాక్సిడెంట్లలో దెబ్బతిన్న జంతువులతోనే చేతినిండా పని. ఇంట్లో సోఫా పక్కన పడుకున్న కుక్క వంద కుక్కల మధ్య బోనులో బెంగపెట్టుకుంటుంది. సలహా కోసం ఫోన్ చేయండి, దింపేసి రావడానికి మాత్రం కాదు.

ఎవరికైనా చెప్పే ముందే రేబిస్ ఇంజెక్షన్, మిగతా టీకాలు వేయించి పుస్తకంలో తేదీలు రాయించండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా మీరే చేయించండి. ఊరికే ఇస్తున్నారని తెలిస్తే పిల్లల్ని పుట్టించి అమ్ముకునేవాళ్లు కూడా ఫోన్ చేస్తారు. ఆపరేషన్ అయిందనగానే వాళ్లు పెట్టేస్తారు.

తర్వాత, కుక్కని ఇస్తామని రాసే ప్రకటనలో నిజం రాయండి. నేను మొదట "చాలా మంచివాడు, అందరితో కలిసిపోతాడు" అని రాశాను. పనికిరాని ఫోన్లే వచ్చాయి. తర్వాత ఇలా మార్చాను: "టపాసులంటే వణుకు. ఉరిమితే బాత్రూంలో దూరతాడు. పిల్లుల్ని తరుముతాడు. గొలుసుతో కట్టేస్తే రాత్రంతా ఏడుస్తాడు. పెద్దవాళ్ల కాళ్ల దగ్గర కూర్చోవడం ఇష్టం." ఫోన్లు తగ్గాయి, వచ్చినవి మాత్రం సరైనవి. ఆ కాగితాన్ని ఫోటోతో సహా మా వెటర్నరీ డాక్టరు గోడకి అంటించారు. చివరికి ఇల్లు దొరికింది అక్కడే. డాక్టరుకి ఎవరు కుక్కని ఎలా చూస్తారో తెలుసు, అందుకే వాట్సాప్ గ్రూపుల కంటే ముందు ఆయన్ని అడగండి.

ఫోన్‌లో నేను అడిగినవి తక్కువే. ఇంతకుముందు కుక్క ఉండేదా, దానికేమైంది? పగలు ఇంట్లో ఎవరుంటారు? రాత్రి ఎక్కడ పడుకుంటుంది? అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నారా? ఒకాయన "బిల్డింగ్ కడుతున్నాం, సిమెంటు కాపలాకి కావాలి" అన్నారు. బిల్డింగ్ అయిపోయాక ఏం చేస్తారని అడిగాను, జవాబు రాలేదు. బాగా మాట్లాడినవాళ్ల ఇంటికి కూడా వెళ్లి చూడాల్సిందే. కెంగేరిలో రిటైరైన అంకుల్, ఆంటీ దగ్గరికి మేం మణి లేకుండా ఒకసారి, మణితో రెండుసార్లు వెళ్లాం. గేటు కింద సందు చూసి నేను భయపడితే, రెండోసారికి అంకుల్ రేకు కొట్టించి పెట్టారు. నా మనసు అక్కడే కుదుటపడింది.

అప్పుడో సంగతి గమనించాను. ఆంటీ "బా, బా" అని పిలుస్తున్నారు, మణి కదలడం లేదు. వాళ్లు కన్నడం వాళ్లు, మణికి తెలిసింది మా హిందూపురం తెలుగు. అందుకే టీకాల పుస్తకంతో పాటు ఒక మాటల కాగితం ఇచ్చాను, మా కింది ఇంటి అమ్మాయితో కన్నడ లిపిలో రాయించి. "రా" అంటే బా. "కూర్చో" అంటే కూతుకో. "వద్దు" అంటే బేడ. "బువ్వ" అంటే ఊట. మొదట తెలుగు మాట అని, వెంటనే కన్నడ మాట అనమన్నాను. రెండు వారాలకి మణి "బా" అంటే వెళ్లడం మొదలుపెట్టాడు. పేరు మాత్రం మార్చొద్దని బతిమాలాను, ఒప్పుకున్నారు.

ఇచ్చే రోజు దీపావళికి దగ్గరగా లేకుండా చూసుకోండి. ఉతకని పాత దుప్పటి, వాడి గిన్నె, వారానికి సరిపడా అలవాటైన తిండి పంపండి. కొత్త తిండి రోజుకి కొంచెం కొంచెం కలపమనండి. ఒక కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టండి: కుదరకపోతే నాకే తిరిగి ఇస్తారు, వేరే ఎవరికీ ఇవ్వరు. గుమ్మంలో ఎక్కువసేపు నిలబడి ఏడవకండి, నేను కారులో ఏడ్చాను.

మూడు రోజులు మణి సరిగ్గా తినలేదు. ఆంటీ భయపడి ఫోన్ చేశారు. పెరుగన్నం చేత్తో పెట్టమన్నాను, తిన్నాడు. నేను నెల దాకా చూడటానికి వెళ్లలేదు, మధ్యలో వెళ్తే మళ్లీ మొదటికి వస్తుందని.

ఒక పని నేను ఆలస్యంగా చేశాను. మైక్రోచిప్ (యజమాని ఎవరో తెలియడానికి కుక్క చర్మం కింద పెట్టే చిన్న చిప్) రికార్డులో, బెల్టు బిళ్ల మీద నా నంబరే ఉండిపోయింది. కొత్త చోట మొదటి రోజుల్లోనే కుక్కలు ఎక్కువగా తప్పించుకుని పాత ఇల్లు వెతుక్కుంటాయి. అందుకని ఇచ్చే రోజే బిళ్ల మీద రెండు నంబర్లూ చెక్కించండి, చిప్ రికార్డు ఆ వారమే మార్పించండి, మొదటి నెల బయటికి తీసుకొస్తే గేటు లోపల కూడా తాడు చేత్తో పట్టుకునే ఉండమని చెప్పండి.