నరాల టెస్టుకి వెళ్తున్నారా? ఆ పొద్దున కొబ్బరి నూనె రాసుకోకండి

చేతులు తిమ్మిర్లనో, కాళ్ళు మంటలనో వెళ్తే డాక్టర్ ఎన్‌సీఎస్ (నరాల వేగం చూసే టెస్టు), ఈఎంజీ (కండరాల టెస్టు) రాస్తారు. "కరెంటు పెడతారట" అని విని సగంమంది అక్కడే టెన్షన్ పడిపోతారు.

నిజానికి అవి రెండు టెస్టులు. మొదటిదాంట్లో చర్మం మీద స్టిక్కర్లలాంటివి అంటించి నరానికి చిన్న షాక్ ఇస్తారు. చురుక్కుమంటుంది, వేలు దానంతటదే ఎగురుతుంది, క్షణంలో అయిపోతుంది. రెండోదాంట్లో సన్నటి సూది కండరంలోకి గుచ్చుతారు. ఆ సూదిలోంచి కరెంటు రాదు, మందూ ఎక్కదు. కండరంలోని విద్యుత్ సంకేతాలను అది వింటుందంతే. మెషిన్‌లోంచి వాన పడుతున్నట్టు చిటపట శబ్దం వస్తుంది, కంగారు పడకండి. గుచ్చినచోట ఒకట్రెండు రోజులు నొప్పి, కాస్త కమిలిన మచ్చ ఉండొచ్చు. రెండూ కలిపి అరగంట నుంచి గంట దాకా పట్టొచ్చు.

పరగడుపున వెళ్ళక్కర్లేదు. స్నానం చేసి, నూనె, లోషన్ రాయకుండా, వదులు బట్టలతో వెళ్ళండి. గాజులు, ఉంగరాలు ఇంట్లోనే. చేతులు చల్లబడితే నరాల వేగం తగ్గినట్టు చూపిస్తుంది కాబట్టి ఏసీ గదిలో కూర్చోబెడితే శాలువా కప్పుకోండి.

పేస్‌మేకర్ ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ముందే చెప్పాలి. మందులు మీ అంతట మీరు ఆపొద్దు. మయస్థీనియాకి (కండరాలు త్వరగా అలసిపోయి బలహీనపడే జబ్బు) పిరిడోస్టిగ్మిన్ వేసుకునేవాళ్ళు ఆ పూట మాత్ర వేసుకోవాలో వద్దో డాక్టర్‌నే అడగండి.