కలుపు మందులో జిగురు కలిపే ముందు

పత్తికొండ వైపు మాకు తెలిసిన ఒక రైతు వేరుశనగ చేను గత వారం రెండే రోజుల్లో మాడిపోయింది. ఆయన కొట్టినది వేరుశనగలో వాడదగిన కలుపు మందే, మోతాదు కూడా సరైనదే. గడ్డి మొండిగా ఉన్నదని ప్రతి ట్యాంకులోనూ రెండు మూతల జిగురు మందు అదనంగా పోశారు. కలుపు మందు సీసాలోనే అటువంటి పదార్థం ముందుగా కలిపి ఉన్నదని ఆయన చూడలేదు, అమ్మినవారు చెప్పలేదు. ఈ ఒక్క పొరపాటు వల్ల చేను పోగొట్టుకున్నవారిని నేను ఏటా చూస్తున్నాను. కాబట్టి కలుపు మందుల గురించి అందరికీ తెలిసిన సంగతులు వదిలి దీని గురించే రాస్తున్నాను.

మనం జిగురు అని పిలుస్తున్నా, ఈ మందుల్లో చాలావాటి ముఖ్యమైన పని అంటించడం కాదు. ఆకు మీద మైనపు పొర ఉంటుంది కనుక నీటి బొట్టు గుండ్రంగా నిలిచి జారిపోతుంది. జిగురు మందు నీటి తలతన్యతను, అంటే బొట్టును గుండ్రంగా పట్టి ఉంచే బిగువును, తగ్గించి ఆ బొట్టును ఆకు మీద పలుచగా పరుస్తుంది. నూనె రకాలైతే మైనాన్ని మెత్తబరచి మందును లోపలికి దింపుతాయి. వాన వెనకబడి బెట్టకు వచ్చిన కలుపు మీద ఈ పొర మందంగా ఉంటుంది కనుక, అక్కడ వీటి మేలు స్పష్టంగా కనిపిస్తుంది. అయితే అదే పొర పైరు ఆకు మీద కూడా ఉన్నది. ఇమాజితాపిర్ అనే కలుపు మందును వేరుశనగ తట్టుకోగలగడానికి కారణం, తనలోకి వచ్చిన మందును అది విరగగొట్టుకోగలగడమే. ఆ శక్తికి మించిన మందును మనమే ఒక్కసారిగా లోపలికి తోస్తే పైరు ఏమి చేయగలదు? సీసా మీద రాసి ఉంటే తప్ప జిగురు కలపవద్దు.

ఇక నీళ్ల సంగతి. అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల్లో చాలా బోర్ల నీళ్లు కఠినమైనవి. సబ్బు నురగ రాక, కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటాయి. అవి గ్లైఫోసేట్, 2,4-డి అమైన్ లవణం అనే కలుపు మందులను పట్టుకొని ఆకులోకి పోనివ్వవు. ఇటువంటి నీళ్లకు జిగురు మందు పరిష్కారం కాదు, అమ్మోనియం సల్ఫేట్ కావాలి. దానిలోని సల్ఫేట్ కాల్షియాన్ని పట్టుకుంటుంది, అమ్మోనియం మందు లోపలికి పోవడానికి సాయపడుతుంది. అందుకే దానిని ముందుగా నీళ్లలో పూర్తిగా కరిగించి, ఆ తరువాతనే కలుపు మందు పోయాలి. వరుస తప్పితే కాల్షియం ముందే మందును పట్టుకుంటుంది. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది, ఆ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కుంటల్లోని బురద నీళ్లు వాడవద్దు. గ్లైఫోసేట్, పారాక్వాట్ రెండూ బంకమట్టి రేణువులకు అంటుకొని పనికిరాకుండా పోతాయి, ఏ జిగురు మందూ వాటిని తిరిగి విడిపించలేదు.

విత్తిన వెంటనే నేల మీద కొట్టే పెండిమిథాలిన్ వంటి మందుకు జిగురు అక్కరలేదు. అక్కడ తడపవలసిన ఆకే లేదు.

మూతతో కొలవవద్దు. లీటరుకు 2 మి.లీ. అని రాసి ఉంటే 15 లీటర్ల ట్యాంకుకు 30 మి.లీ. కొలిచి పోయండి, అంతకంటే చుక్క ఎక్కువ వద్దు. ఎక్కువైతే మందు ఆకు మీద నిలవక నేల మీదకు కారిపోతుంది. బట్టల సబ్బు పొడి, షాంపూ కలపవద్దు. కలుపు మందులో పురుగు మందు కలపవద్దు. ఈసీ రకం (నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడే) పురుగు మందుల్లోని ద్రావకాలు, మందును నీళ్లలో కలిసేలా చేసే ఎమల్సిఫైయర్లు కూడా ఆకు పొరను దెబ్బతీస్తాయి, అంటే మీకు తెలియకుండానే రెండవ జిగురు పోసినట్లే. కంపెనీ మందుతో పాటు తోడు సీసా ఇచ్చి ఉంటే అదే వాడండి, దానిపైన మరొకటి పోయవద్దు. కొత్త కలయిక అయితే ముందు గాజు సీసాలో కొద్దిగా కలిపి అరగంట చూడండి, ముక్కలు కట్టినా అడుగున పేరినా చేలోకి తీసుకుపోవద్దు. మొదట రెండు సాళ్లకే కొట్టి మూడు రోజులు ఆగండి. కలుపు రెండు నుంచి నాలుగు ఆకుల దశలో ఉండగానే కొట్టండి, ముదిరిన గడ్డికి జిగురు పెంచడం పరిష్కారం కాదు. మిట్టమధ్యాహ్నం ఎండలో కొట్టవద్దు. గాలి ఉన్నప్పుడు కొట్టవద్దు. రాత్రి కలిపి ఉంచి ఉదయం కొట్టవద్దు. సిలికాన్ రకాలు పుల్లని నీళ్లలోనూ చౌడు నీళ్లలోనూ నిలవ ఉంటే విరిగిపోతాయి. రబ్బరు తొడుగులు లేకుండా కలపవద్దు, ఎందుకంటే ఆకు మైనాన్ని మెత్తబరచేది చేతి చర్మంలోని జిడ్డునూ కడిగివేసి మందుకు దారి ఇస్తుంది. 2,4-డి కొట్టిన పంపును పత్తి చేనులోకి తీసుకుపోవద్దు. సీసా మీద రాసి ఉంటే తప్ప జిగురు కలపవద్దు. చదవడం రాకపోతే సీసాను రైతు సేవా కేంద్రానికి తీసుకువెళ్లి చదివించుకోండి, ఆ తరువాతనే మూత తీయండి.